కాగితాలన్నీ ఆయన ఫోన్లనే ఉండె

రాయికల్ నుంచో ఖానాపూర్ నుంచో, గల్ఫ్‌లో మనిషి పోయాడని ఫోన్ వస్తే నేను మొదట అడిగేది పాస్‌పోర్టు నంబరు. ఏడుస్తున్న మనిషిని నంబరు అడగడానికి ఇన్నేళ్లయినా నోరు రాదు. అడగక తప్పదు. అది లేకుండా రాయబార కార్యాలయంలో ఫైలు కదలదు.

ఇంట్లోవాళ్లు ప్లాస్టిక్ కవరు తెచ్చి ముందు పెడతారు. అందులో రేషన్ కార్డు, పట్టా పాసుబుక్కు, ఏజెంటుకు కట్టిన పైసల చీటీ ఉంటాయి. ఆకామా (అక్కడి నివాస అనుమతి కార్డు), వీసా, కంపెనీ ఒప్పందం ఉండవు. ‘‘అన్నీ ఆయన ఫోన్లనే ఉండె సారూ’’ అంటుంది భార్య. ఆ ఫోన్ ఎడారిలో ఏ క్యాంపులోనో ఉంటుంది.

శవం ఇంటికి రావాలంటే మరణ ధ్రువపత్రం, ఎంబసీ ఎన్ఓసీ, పాస్‌పోర్టు రద్దు, ఎంబామింగ్, కార్గో, ఆ తర్వాతే శంషాబాద్ విమానాశ్రయం. దాదాపు అడుగడుగునా యజమాని సంతకం కావాలి. మనిషి ఖల్లివెల్లి అయితే, అంటే యజమానిని వదిలి కాగితాలు లేకుండా ఉంటే, ఆ యజమానే ఉండడు. అప్పుడు 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి కోసం ఎంబసీని బతిమాలాలి. అంతదాకా రాకూడదనే, ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను ముందు నేర్పేది వీసా చదవడం. ఏజెంటు చెప్పింది డ్రైవర్ పని, వీసాలో ఉన్నది గొర్రెల కాపరి అయితే, ఆ తేడా విమానం ఎక్కకముందే పట్టుకోవాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది బీమా. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షలు వస్తాయి, ప్రమాదంలో పోతేనే. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లకు చాలాసార్లు అదీ ఉండదు. పగలంతా మండుటెండలో పనిచేసి రాత్రి నిద్రలోనే పోయిన మనిషికి మరణ ధ్రువపత్రంలో గుండె ఆగిందని రాస్తారు. నేరం అనుమానం లేకపోతే పోస్టుమార్టం అరుదు. బీమా అక్కడితో ముగిసినట్టే. తెలంగాణ ప్రభుత్వం చివరకు 2024లో మృతుడి కుటుంబానికి ఇస్తామన్న 5 లక్షల కోసం అంతకుముందు గల్ఫ్ కుటుంబాలు, సంఘాలు ఏళ్ల తరబడి తిరిగింది అందుకే.

పోస్టుమార్టం అడిగితే శవం ఆలస్యమవుతుందని ఇంటివాళ్లు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. ముప్పై ఏళ్ల మనిషి గుండె ఎందుకు ఆగిందో అడగాల్సింది మన ప్రభుత్వం. గల్ఫ్ దేశాలతో చేసుకునే కార్మిక ఒప్పందాల్లోనే చావుకు కారణం తేల్చాలన్న షరతు రాయించాలి.