కొత్త చేపకు విడిది తొట్టి

వనామీ రొయ్య మన చెరువుల్లోకి రాకముందు దాని తల్లి రొయ్య చెన్నై నీలాంగరైలో ఆగి రావాలి. విదేశాల నుంచి విమానంలో దిగిన తల్లి రొయ్యల్ని అక్కడి క్వారంటైన్ కేంద్రంలో విడిగా ఉంచి, పరీక్షలు చేసి, జబ్బు లేదని తేలాకే హేచరీలకు పంపుతారు. రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ 2009లో ఆ కేంద్రాన్ని మొదలుపెట్టింది. 1990ల్లో తెల్లమచ్చల వైరస్ టైగర్ రొయ్యల చెరువుల్ని ఎలా ఊడ్చేసిందో నెల్లూరు, భీమవరం రైతులకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. కొత్త ప్రాణిని ముందు వేరుగా ఉంచాలన్న జాగ్రత్త విలువ అంత బాగా తెలిసిన చోట కూడా, ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్లు చాలామంది కొత్త చేపను సంచిలోంచి నేరుగా పెద్ద తొట్టిలోకి వదిలేస్తున్నారు. నెల తిరిగేసరికి ఆ ఒక్క చేపే కాదు, తొట్టిలో చేపలన్నీ పోతున్నాయి.

ఉప్పునీటి చేప ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు. గోల్డ్‌ఫిష్‌లాగా ఇది చెరువుల్లో పెంచిన చేప కాదు. క్లౌన్‌ఫిష్ వంటి కొన్నింటిని ఇప్పుడు హేచరీల్లో పొదిగిస్తున్నారు కానీ, దుకాణంలో కనిపించే రంగురంగుల చేపల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, శ్రీలంక వంటి చోట్ల పగడపు దిబ్బల మీద పట్టినవే. పట్టినవాడి డబ్బాలోంచి ఎగుమతిదారు తొట్టిలోకి, అక్కడి నుంచి దిగుమతిదారు దగ్గరికి, చివరికి హైదరాబాద్ దుకాణానికి. ప్రతి మజిలీలోనూ కొత్త నీళ్లు, కొత్త ఇరుగుపొరుగు, ఆ పొరుగు చేపల మీది పరాన్నజీవులు. తిండి సరిగ్గా ఉండదు, భయం మాత్రం రోజూ ఉంటుంది. "బాగానే తింటోంది సార్, తీసుకెళ్లండి" అని దుకాణదారు నిజమే చెప్పి ఉండవచ్చు. కానీ తినే చేప ఒంటి మీద కూడా జబ్బు ఉంటుంది.

ఆ జబ్బుల్లో అందరికీ ముందు ఎదురయ్యేది తెల్లమచ్చలు. రొయ్యల వైరస్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇది క్రిప్టోకేరియన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. చేప చర్మంలోకీ మొప్పల్లోకీ దూరి మూడు నుంచి ఏడు రోజులు తింటుంది. మనకు ఉప్పు రవ్వలా కనిపించే మచ్చ అదే. కడుపు నిండాక, ఎక్కువగా చీకటి వేళ, చేపను వదిలి అడుగుకు దిగి రాతికో ఇసుకకో అంటుకుని తిత్తి కడుతుంది. తెల్లవారి చూస్తే మచ్చలు మాయం. యజమాని జబ్బు తగ్గిందనుకుంటాడు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. తిత్తి లోపల ఆ ఒక్క జీవి వందలుగా చీలుతుంది. మామూలుగా కొద్ది రోజుల నుంచి నాలుగు వారాల లోపు తిత్తి పగిలి పిల్లజీవులు ఈదుకుంటూ బయటికొస్తాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. సముద్రంలో వాటిలో చాలా భాగానికి చేప దొరకదు. రెండు వందల లీటర్ల తొట్టిలో చేప తప్పించుకోలేదు. ఒక్కో విడతకూ పరాన్నజీవులు పెరుగుతాయి, మొప్పలు పాడవుతాయి, చేప ఊపిరాడక పోతుంది.

కొన్ని తిత్తులు 72 రోజుల దాకా పగలకుండా ఉన్నట్టు శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అందుకే జబ్బు సోకిన పెద్ద తొట్టిలోంచి చేపలన్నీ తీసేసి 76 రోజులు ఖాళీగా ఉంచడం అనుభవజ్ఞుల్లో ఆనవాయితీ అయింది. రాళ్లన్నీ కదిల్చి, చేపలన్నిటినీ పట్టి, రెండున్నర నెలలు వేరే చోట సాకాలి. ఒక్కసారి ఆ పని చేసినవాళ్లు ఇక ఏ కొత్త చేపనూ విడిది లేకుండా లోపలికి రానివ్వరు. మంచినీటి చేపల తెల్లమచ్చకు కారణమయ్యేది వేరే జీవి. దానికి చేసినట్టు హీటరు వేడి పెంచితే ఉప్పునీటి జబ్బు పోదు.

వెల్వెట్ అనే జబ్బు తెల్లమచ్చల కంటే చెడ్డది. అమైలోఒడీనియం అనే ఈ పరాన్నజీవి కంటికి కనపడేలోపే మొప్పలు నింపేస్తుంది. చేప వెలుతురుకు ముఖం చాటేస్తుంది, నీటి పంపు ఎదురుగా నిలబడి గబగబా ఊపిరి తీస్తుంది, ఒంటి మీద సన్నటి బంగారు పొడి చల్లినట్టు కనిపిస్తుంది. అప్పటికి చేతిలో ఉన్నది ఒకటి రెండు రోజులే. క్లౌన్‌ఫిష్‌ను పట్టే బ్రూక్లినెల్లా, కళ్లను గుడ్డి చేసే చదును పురుగులు కూడా ఉన్నాయి.

వీటన్నిటికీ జవాబు విడిది తొట్టి, అంటే కొత్త చేపను వేరుగా ఉంచే ఒక చిన్న గాజు తొట్టి. డెబ్బై లీటర్లు చాలు. అడుగున ఇసుక వద్దు, రాళ్లు వద్దు. తిత్తులకు చోటు ఉండకూడదు, పైగా సున్నపు రాయి, పగడపు ఇసుక మందులోని రాగిని పీల్చేస్తాయి. చేప దాక్కోవడానికి ప్లంబరు వాడే పీవీసీ ఎల్బోలు, టీ ముక్కలు రెండు మూడు వేస్తే సరి. హీటరు, గాలి పంపు, స్పాంజ్ ఫిల్టరు, మూత, అమ్మోనియా టెస్ట్ కిట్ కావాలి. స్పాంజ్‌ను నెల ముందే పెద్ద తొట్టిలో వేసి ఉంచితే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా దాన్ని పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. వల, బకెట్, పైపు విడివిడిగా ఉండాలి. తడి చేయి కూడా ఈ తొట్టిలోంచి ఆ తొట్టికి వెళ్లకూడదు. మన వేసవిలో నీరు ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది కాబట్టి తగ్గిన మేరకు రోజూ ఆర్‌ఓ నీరు పోయాలి, ఉప్పునీరు కాదు. విశాఖలో ఉన్నవాళ్లు బీచ్ నీళ్లు బిందెలతో తెచ్చి పోయడం మానుకోవాలి. ఆ నీటితో పరాన్నజీవులూ వస్తాయి.

చేప ఇంటికి వచ్చిన రోజు సంచి విప్పడంలోనే చాలామంది పొరబడతారు. మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ పడిపోతుంది. అదే దానికి రక్ష, ఎందుకంటే పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అమ్మోనియా అంతగా విషం కాని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు ఎగిరిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, పోగైన అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. దూర ప్రయాణం చేసి వచ్చిన చేపను ఆ నీటిలోనే ఉంచి, గంటలకొద్దీ చుక్కచుక్కగా కొత్త నీళ్లు కలపడం మేలు కాదు, హాని. సంచిని విప్పకుండానే తొట్టి నీటి మీద తేలనిచ్చి వేడి సరిచూసుకోండి. దుకాణం నీటి ఉప్పదనం ముందే అడిగి విడిది తొట్టిని దానికి సరిపెట్టి ఉంచండి. సంచి విప్పిన నిమిషాల్లో చేపను మాత్రం లోపలికి మార్చండి. సంచి నీరు పారబోయండి. దుకాణాల్లో తరచు ఉప్పు తగ్గించి ఉంచుతారు. చేప ఉప్పు తగ్గుదలను ఓర్చినంత సులువుగా పెరుగుదలను ఓర్చదు కాబట్టి, సాంద్రతను 1.025కు కొద్దికొద్దిగా, రోజుల మీద తీసుకురావాలి.

ఇక మందు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టైన్‌హార్ట్ అక్వేరియంలో రాబర్ట్ డెంప్‌స్టర్ వెల్వెట్ జాతి పరాన్నజీవులకు రాగి లవణమైన మైలుతుత్తం పనిచేస్తుందని 1955లో ప్రచురించాడు. ఇప్పటికీ రాగే ఈ విద్యకు వెన్నెముక. దాని బలం, ప్రమాదం రెండూ మోతాదులోనే ఉన్నాయి. మైలుతుత్తం రకం మందైతే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. కీలేటెడ్ రకమైతే 2 నుంచి 2.5. తక్కువైతే పరాన్నజీవి చావదు, ఎక్కువైతే చేప చస్తుంది. రెండు మూడు రోజుల్లో మెల్లగా ఆ స్థాయికి చేర్చి, రోజూ టెస్ట్ చేసి, నీళ్లు మార్చినప్పుడు పోయిన మేరకు మళ్లీ కలిపి, ఆ స్థాయిని 30 రోజులు నిలపాలి. ఒక్క రోజు పడిపోయినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. రాగి ఉన్న నీటిలో అమ్మోనియాను కట్టడి చేసే మందులు కలపకూడదు. పగడాలకు, రొయ్యలకు, నత్తలకు రాగి విషం. సొరచేపలకు, టేకు చేపలకు వాడనే కూడదు.

రాగి ఓర్చని చేపకు తొట్టి మార్పిడి ఉంది. చేపను 72 గంటలకోసారి, పూర్తిగా ఆరబెట్టి కొత్త నీళ్లు పోసిన మరో తొట్టిలోకి మార్చాలి. అలా నాలుగు మార్పిడులు. వేడి, ఉప్పదనం తప్ప పాత నీటితో పోలిక ఉండదు. ఒంటి మీద నుంచి రాలిన జీవి తిత్తి కట్టి పగిలేలోపే చేప అక్కడ ఉండదు. మందు అక్కర్లేని పద్ధతి కాబట్టి నాకు ఇదే ఇష్టం. అయితే ఇది తెల్లమచ్చకే పనిచేస్తుంది, వెల్వెట్‌కు కాదు.

చదును పురుగుల్ని పట్టడానికి మంచినీటి స్నానం చేయించాలి. నల్ల టబ్బులో క్లోరిన్ లేని మంచినీరు పోసి, వేడినీ పీహెచ్‌నీ తొట్టితో సమం చేసి, గాలి పంపు పెట్టి, చేపను గరిష్ఠంగా ఐదు నిమిషాలు ఉంచుతారు. మొదట చేప ఒరుగుతుంది, కొన్ని క్షణాలు కదలదు. తరవాత కళ్ల మీద నుంచి, మొప్పల అంచుల నుంచి తెల్లటి పొరల్లాంటివి విడివడి నల్లటి అడుగు మీద రాలుతాయి. నిమిషం కిందటి వరకు అవి పారదర్శకంగా ఉండి కంటికి కనపడలేదు. మంచినీరు లోపలికి చొరబడి వాటిని ఉబ్బించి చంపుతుంది. ఆ తరవాత తొట్టిలో ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు వేస్తారు. అది గుడ్ల మీద పనిచేయదు కనుక సుమారు వారానికి మరో మోతాదు తప్పదు.

చికిత్స కంటే విడిదిలో నేను ఎక్కువ విలువనిచ్చేది తిండికి. పోటీ లేని చోట భయపడిన చేప తినడం నేర్చుకుంటుంది. పొడుగు ముక్కు కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై ఫిష్‌కు గుళికలు వేస్తే కన్నెత్తి చూడదు. దాని ముక్కు సందుల్లోంచి ఏరుకు తినడానికే ఉంది. చిప్ప విప్పిన ఆల్చిప్పను అడుగున పెడితే, కాసేపు దూరం నుంచి తిరిగి, ఒకసారి పొడిచి చూసి, పని మొదలుపెడుతుంది. ఇతర చేపలకు అప్పుడే పొదిగిన ఆర్టీమియా మంచి మొదలు. మన తీరం హేచరీల్లో రొయ్య పిల్లలకు వేసేది అదే. ఆ మీదట రొయ్యల్లాంటి మైసిస్, ఆ పైన గుళికలు. రోజూ తిండి వేసేటప్పుడు మొప్పల వేగం, రెక్కల అంచులు, మలం రంగు చూడటం అలవాటైతే జబ్బును ముందే పసిగట్టవచ్చు.

వెల్లుల్లి రసం, శుభ్రం చేసే రొయ్య, యూవీ లైటు: ఇవి విడిదికి బదులు కావు. వెల్లుల్లితో ఆకలి పెరిగితే పెరగవచ్చు, పరాన్నజీవి పోదు. నత్తలకూ రాళ్లకూ తిత్తులు అంటుకుని వస్తాయి కాబట్టి వాటినీ చేపలు లేని నీటిలో విడిగా ఉంచడమే క్షేమం. సముద్రపు గుర్రాలు, రాతి పగడాలు మన వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నవి. ఎంత చవకగా ఇచ్చినా వాటిని కొనకండి.

సముద్రంలో పట్టిన ప్రతి చేపకూ రాగితో పూర్తి చికిత్స గానీ తొట్టి మార్పిడి గానీ చేయాలన్నది నా అభిప్రాయం. హేచరీలో పుట్టి, ఇతర చేపలతో నీరు కలవకుండా వచ్చిన క్లౌన్‌ఫిష్‌ను మాత్రం ముప్పై రోజులు గమనిస్తే చాలు. దుకాణానికి వెళ్లే ముందు ఒకసారి ఇంట్లోని చిన్న తొట్టి వైపు చూడండి. అందులో నీళ్లు, బాక్టీరియా పట్టిన స్పాంజ్, పక్కన టెస్ట్ కిట్ సిద్ధంగా లేకపోతే ఆ వారం చేపను కొనకండి.