టిప్122 దొరకని రోజున

చేతిలో ఉన్న టిప్122 కాలిపోతే కోఠి గుజరాతీ గల్లీకి దగ్గరున్నవాళ్లు వెళ్లి ఇంకోటి తెచ్చుకుంటారు. దూరాన ఉన్నవాళ్లు తమ డబ్బాలోనే వెతుక్కోవాలి. దాని తోబుట్టువులు టిప్120, టిప్121 కనబడితే చింత లేదు. 60, 80 వోల్టుల పరిమితి మీ సర్క్యూట్‌కు సరిపోతే నేరుగా పెట్టేయొచ్చు. బీడీ679 దొరికితే కాళ్ల వరస వేరు, 4 ఆంపులు దాటకూడదు. టిప్122 లోపల ఉన్నదీ రెండు ట్రాన్సిస్టర్ల జోడీయే కాబట్టి, ఇవేవీ లేకపోతే రెండు మామూలు ట్రాన్సిస్టర్లతో అలాంటి జోడీ కట్టుకోవాలి. దారి రెండుగా చీలేది అక్కడే: ఒకటి డార్లింగ్టన్, రెండోది సిక్లాయి. ఇన్నేళ్లుగా రెండింటినీ టంకం వేస్తూ వచ్చినవాణ్ణి, రెండూ నాకు ఇష్టమే.

డార్లింగ్టన్ గురించి పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన సిడ్నీ డార్లింగ్టన్‌కు 1953లో దాని మీద పేటెంటు వచ్చింది. ఒక ఎన్‌పీఎన్ ఎమిటర్ రెండో ఎన్‌పీఎన్ బేస్‌లోకి పోతుంది, కలెక్టర్లు కలిసిపోతాయి. హంగరీలో పుట్టి అమెరికా చేరిన జార్జ్ సిక్లాయి కూడా ఆ రోజుల్లోనే ఆర్‌సీఏలో ట్రాన్సిస్టర్ల మీద పనిచేశాడు. ఆయన పేరు మోస్తున్న జోడీలో మాత్రం భిన్న జాతులు కలుస్తాయి. ముందున్న ఎన్‌పీఎన్ కలెక్టర్ వెనకున్న పీఎన్‌పీ బేస్‌ను లాగుతుంది. పీఎన్‌పీ ఎమిటర్ లోడు వైపు ఉంటే, దాని కలెక్టరూ ఎన్‌పీఎన్ ఎమిటరూ కలిసి గ్రౌండుకు చేరతాయి. బయటి నుంచి చూస్తే మొత్తం ఒక ఎన్‌పీఎన్‌లాగే పనిచేస్తుంది. బళ్లో చదివిన సమాసాలు గుర్తొస్తాయి నాకు. రామలక్ష్మణుల్లా రెండు పదాలకూ సమాన గౌరవమున్న ద్వంద్వం డార్లింగ్టన్. సిక్లాయి అవ్యయీభావం. ‘యథాశక్తి’లో ‘యథా’ మొత్తం మాటను తన దారికి తిప్పుకున్నట్టు, ముందున్న చిన్న ట్రాన్సిస్టరే, అంటే డ్రైవరే, జోడీ జాతిని నిర్ణయిస్తుంది.

మేలుకోవడంలో తేడా స్పష్టం. డార్లింగ్టన్ రెండు జంక్షన్లు దాటాలి కాబట్టి బేస్ దగ్గర 1.2 నుంచి 1.4 వోల్టులు అడుగుతుంది. సిక్లాయి ఒక్క జంక్షనే దాటుతుంది, 0.7 వోల్టు చాలు. ఒక మధ్యాహ్నం రెండు చిన్న సోలార్ ముక్కల్ని సిరీస్‌లో కలిపి ఎండలో పెట్టాను. సుమారు ఒక వోల్టు వచ్చింది. బీడీ139, టిప్41సీ కలిపిన డార్లింగ్టన్‌కు దాన్ని ఇస్తే 12 వోల్టుల రిలే కదల్లేదు. టిప్41సీ తీసి, తీగలు మార్చి పీఎన్‌పీ అయిన టిప్42సీ పెట్టి సిక్లాయిగా మార్చాను. రిలే టక్కుమంది. అరచెయ్యి అడ్డం పెడితే వదిలింది, తీస్తే మళ్లీ పట్టింది.

మేలుకోవడం తేలికైంది కదా, వేడి కూడా తగ్గుతుందనుకుంటే పొరపాటు. ఇక్కడ ఇద్దరిదీ ఒకే జాతకం. డార్లింగ్టన్‌లో ఎలాగైతే చివరి ట్రాన్సిస్టర్ పూర్తిగా సాచ్యురేట్ కాలేదో, సిక్లాయిలోనూ అలాగే. లోడు పోగా 0.8 వోల్టు పైచిలుకు దాని మీదే మిగులుతుంది. టిప్122కు 3 ఆంపుల దగ్గర ఇది 2 వోల్టుల దాకా ఉండొచ్చని డేటాషీట్ చెబుతుంది. అంటే 6 వాట్ల వేడి. హీట్ సింక్ ఎటూ తప్పదు.

ఆ హీట్ సింక్ దగ్గరే సిక్లాయి ఒక మంచి ఉపకారం చేస్తుంది. టిప్41సీ రేకు కలెక్టరే కాబట్టి లోడు వోల్టేజీ దాని మీద ఉంటుంది. ఇనప డబ్బాకు బిగించాలంటే మధ్యలో మైకా ముక్క, ప్లాస్టిక్ వాషరు కావాలి. టిప్42సీ రేకూ కలెక్టరే, కానీ ఈ స్విచ్చిలో అది గ్రౌండు వైపుంటుంది. డబ్బా గ్రౌండే అయితే నేరుగా బోల్టు వేసేయొచ్చు.

సిక్లాయికి ఒక చెడ్డ గుణముంది. లోపల ఫీడ్‌బ్యాక్ ఉండటంతో అది తనంతట తాను ఊగులాడగలదు. ఒక రెగ్యులేటర్‌లో పెట్టినప్పుడు పక్కనున్న మీడియం వేవ్ రేడియో గుర్రుమంది, ఏ లోడూ లేకుండానే టిప్42సీ వెచ్చబడింది. తీగలు పొట్టిగా కత్తిరించి, డ్రైవర్ బేస్‌కూ కలెక్టర్‌కూ మధ్య 100 పికోఫారడ్ల కెపాసిటర్ పెట్టాక శాంతించింది. డార్లింగ్టన్‌తో నాకెప్పుడూ ఈ తంటా రాలేదు.

ఇక ఇద్దరికీ చెయ్యాల్సినవి రెండున్నాయి. టిప్122 లోపల సుమారు 8 కిలోఓములు, 120 ఓముల రెసిస్టర్లు పుట్టుకతోనే ఉంటాయి. చేత్తో కట్టిన జోడీకి అవి ఉండవు. చివరి ట్రాన్సిస్టర్ బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య 100 ఓములు పెట్టకపోతే నిల్వున్న చార్జి పోయే దారి లేక ఆగడం ఆలస్యమవుతుంది. పీడబ్ల్యూఎంతో మోటారు నడిపేవాళ్లకు ఈ సంగతి వేడి రూపంలో వేలికే తెలుస్తుంది. అలాగే, డ్రైవర్‌గా బీసీ547 పెట్టొద్దు. 3 ఆంపుల దగ్గర టిప్41సీ గెయిన్ 15కు పడిపోవచ్చు. అప్పుడు దాని బేస్ 200 మిల్లీఆంపులు అడుగుతుంది, బీసీ547 ఇవ్వగలిగేది 100. బీడీ139కి అది పెద్ద భారం కాదు.

డార్లింగ్టన్, సిక్లాయి రెండూ ఒకే పలక మీద కలిసి పనిచేసిన సందర్భం ఒకటుంది, అదీ ప్రత్యామ్నాయం వెతుక్కోవడం వల్లే. 1960లలో గట్టి సిలికాన్ ఎన్‌పీఎన్‌గా 2ఎన్3055 వచ్చింది. దానికి సాటి వచ్చే పీఎన్‌పీ చవగ్గా దొరికేది కాదు. దాంతో ఆంప్లిఫయర్లు కట్టేవాళ్లు పై సగంలో డార్లింగ్టన్, కింది సగంలో పీఎన్‌పీ డ్రైవర్ పెట్టిన సిక్లాయి వాడి, రెండు వైపులా 2ఎన్3055నే నిలబెట్టారు. పైన రెండు జంక్షన్లు, కింద ఒకటి. ఆ అసమానత పాట మెల్లగా ఉన్నప్పుడు చెవికి తగిలేది. పీటర్ బాక్సాండాల్ అనే ఆంగ్లేయుడు కింది డ్రైవర్ ఎమిటర్‌లో ఒక డయోడ్ చేర్చి, సిక్లాయికి లేని ఆ రెండో జంక్షన్‌ను బయటి నుంచి తొడిగాడు.