పాత కారు, కొత్త సామాను: పరీక్షించు పద్ధతిపై ఒక విమర్శ

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో పాత అంబాసిడరు కార్లను నడుపువారు అక్కడక్కడ ఇంకను కలరు. ఉత్తరపారాలోని కర్మాగారమున ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. కంపెనీ సామాను దొరకుట కష్టమైన కొలది బజారు సామాను వాడుక పెరుగును. అందులో మంచిదియు కలదు, నకిలీదియు కలదు. నకిలీ సామానును అందరును నిందింతురు, అది న్యాయమే. కాని సామానును పరీక్షించు పద్ధతిలోని లోపము అంతకన్న చిన్నది కాదు.

కారు దారిలో ఆగిపోయినదనుకొందము. మెకానిక్కు మొదట కండెన్సరు మార్చును, తరువాత పాయింట్లు, ఆ తరువాత కాయిల్ మార్చును. ఇంజను పలికినంతనే చివర మార్చిన వస్తువే దోషియని తేల్చును. కాకి వాలగానే తాటిపండు పడినదనుట వంటిదే ఈ తీర్పు. కాయిల్ విప్పి బిగించునప్పుడు తుప్పు పట్టిన తీగ కొస కదలి, తాత్కాలికముగా అతుకు కుదిరి యుండవచ్చును. ఒక పర్యాయము ఒక్క వస్తువునే మార్చవలెను. పాతదానిని తిరిగి బిగించి చూడవలెను. అప్పుడు రోగము మరల కనబడిననే ఆ నింద నిలుచును.

టెస్టు లైటుపై గల నమ్మకము మరింత విమర్శింపదగినది. లైటు వెలిగినచో 'కరెంటు వచ్చుచున్నది, తీగ బాగున్నది' అందురు. లెక్క చూడుడు. 12 వోల్టుల బ్యాటరీపై 3 వాట్ల టెస్టు లైటు తీసికొను ప్రవాహము 0.25 ఆంపియరు మాత్రమే. అతుకులో 0.2 ఓము నిరోధమున్నచో అక్కడ పోవునది 0.05 వోల్టు. లైటు చక్కగనే వెలుగును. అదే అతుకు గుండ రెండు హెడ్ లైట్లకు సుమారు 9 ఆంపియర్లు పోవునప్పుడు 1.8 వోల్టులు నష్టమగును. బల్బు వెలుతురు వోల్టేజికంటె చాల వేగముగా తగ్గును గావున దాదాపు 40 శాతము కాంతి పోవును. అతుకులో పుట్టు వేడిమి 16 వాట్లు. ప్లాస్టిక్ తొడుగు మెత్తబడుటకు అది చాలును. మన్ననూరు దాటి శ్రీశైలము పోవు ఘాటు దారిలో, చీకటి పడు వేళ, ఈ నష్టము లెక్కల పుస్తకములోని అంకె కాదు. డ్రైవరు మాత్రము బల్బులు డూప్లికేటువని తలచి మరల కొత్తవి కొనును.

సరియైన పరీక్ష కష్టమైనది కాదు. హెడ్ లైట్లు వేసియుంచి, మల్టీమీటరు రెండు మొనలను అతుకునకు ఇరువైపుల ఆనించవలెను. వోల్టేజి దాదాపు సున్న యున్నచో అతుకు మంచిది. అర వోల్టు దాటినచో దోషమక్కడనే యున్నది. ఎర్త్ వైరును కూడ ఇట్లే చూడవలెను. చాలమంది మరచునది అదియే.

మూడవ లోపము చల్లని సామానును పరీక్షించుట. ఈ ప్రాంతమున వేసవిలో ఎండ 40 డిగ్రీల సెంటీగ్రేడును దాటును. బోనెట్టు క్రింద వేడిమి ఇంకను ఎక్కువ. నాసిరకపు కండెన్సరులోని బంధకము వేడెక్కినప్పుడు విద్యుత్తును కారనిచ్చును; ఇంజను ఆగును. చెట్టు నీడను కొంతసేపు నిలిపినచో మరల నడచును. షెడ్డు చేరునప్పటికి రోగము మాయము! వేడిగా నున్నప్పుడు చేయని పరీక్ష ఇట్టి రోగమును పట్టలేదు.

సామాను నకిలీది కాకున్నను చేటు కలుగవచ్చును. బయటి నిరోధముతో కలిపి వాడవలసిన కాయిల్‌కు సుమారు 1.5 ఓములే యుండును. దానిని 3 ఓముల కాయిల్ స్థానమున నేరుగా బిగించినచో, పాయింట్లు మూసియున్నంతసేపు 4 ఆంపియర్లకు బదులు 8 ఆంపియర్లు ప్రవహించును. వేడిమి 48 వాట్ల నుండి 96 వాట్లకు పెరుగును. కాయిల్ కాలును, పాయింట్లు మాడును. నింద తయారుచేసినవానిపై పడును.

మెకానిక్కులను మాత్రమే తప్పుపట్టుట ధర్మము కాదు. యజమాని సామానుకు డబ్బిచ్చును. రోగము కనుగొన్న శ్రమకు ఇచ్చుటకు వెనుకాడును. బడుల బాధ్యతయు కొంత కలదు. ఓము సూత్రపు లెక్కలలో తీగలకు, అతుకులకు నిరోధమే యుండదు. ఇట్టి లెక్కలు వంద చేసిన విద్యార్థి తుప్పు పట్టిన అతుకును అనుమానింపడు.

దీనికి ఉపాధ్యాయులు చేయదగిన ప్రయోగమొకటి కలదు. 12 వోల్టుల బ్యాటరీకి ఫ్యూజు పెట్టి, తుప్పు పట్టిన అతుకు గుండ మొదట చిన్న బల్బును, తరువాత హెడ్ లైటు బల్బును వెలిగింపవలెను. రెండు పర్యాయములును అతుకు వద్ద వోల్టేజి కొలువవలెను. బ్యాటరీ కొసలు ఒకదానికొకటి తగులకుండ ఉపాధ్యాయుడు దగ్గర నుండవలెను. పిమ్మట అతుకును గరుకు కాగితముతో రుద్ది మరల కొలిచినచో, ఏ కొత్త సామానును కొనకుండగనే వెలుతురు పెరుగుటను పిల్లలు కన్నులార చూతురు.