బాలింత ఉన్మాదము: ఒక గ్రంథము, ఒక పేరు

1858లో పారిస్ వైద్యుడు లూయీ విక్టర్ మార్సే ప్రసవ సంబంధమైన ఉన్మాదాన్ని గురించి ఒక గ్రంథము ప్రకటించినాడు. 310 మంది రోగిణుల వృత్తాంతాలతో కూడిన ఆ గ్రంథాన్ని ఈ విషయంలో తొలి సమగ్ర రచనగా నేటికిని మన్నిస్తారు. ఆ మన్నన తగినదే. కాని గ్రంథనామంలోనే ఒక లోపమున్నది. గర్భిణులు, క్రొత్తగా ప్రసవించినవారు, పాలిచ్చే తల్లులు అని మార్సే రోగిణులను మూడు తెగలు చేసినాడు. జబ్బు ఎప్పుడు వచ్చినదో ఈ విభజన చెబుతుంది. ఎందుకు వచ్చినదో చెప్పదు.

మన మాటలలోను ఇదే లోపము. నంద్యాలలో గాని, ఆళ్లగడ్డలో గాని బాలింత నిద్ర మాని, పొంతన లేకుండా మాట్లాడి, బిడ్డ తనది కాదన్నదనుకొందాము. పెద్దలు "బాలింత సన్నిపాతం" అంటారు, లేదా గాలి సోకినదంటారు. పేరు పెట్టగానే కారణము తెలిసినట్లు తోస్తుంది.

చదువుకొన్నవారు చెప్పే "హార్మోనుల మార్పు" అనే సమాధానము కూడ చాలదు. మాయ పడిన తరువాత ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ అనే హార్మోనులు ప్రతి తల్లి రక్తంలోను హఠాత్తుగా తగ్గుతాయి. అయినను ఈ జబ్బు వేయి కాన్పులలో ఒకటి రెండింటిలోనే కనిపిస్తుంది. నిప్పురవ్వ అన్ని చోట్లా పడుతున్నది, అంటుకొంటున్నది కొన్ని వాములే! అయితే ఆ కొందరిలో ముందుగా ఉన్నదేమి? ఉద్రేకము, విషాదము మారి మారి వచ్చే బైపోలార్ వ్యాధి ఇదివరకే ఉన్న స్త్రీలలో సుమారు అయిదుగురిలో ఒకరికి కాన్పు తరువాత తీవ్రమైన మానసిక వ్యాధి వస్తుంది. ఒక కాన్పులో ఉన్మాదము వచ్చినవారికి మరుకాన్పులో ప్రమాదము ఇంకను హెచ్చు. తల్లికో, అక్కచెల్లెండ్రకో వచ్చి ఉంటే అదియు లెక్కలోనికి వస్తుంది. హార్మోనుల పతనము, వరుసగా కొన్ని రాత్రులు నిద్ర లేకపోవడము ప్రేరకాలు మాత్రమే. అత్తింటి కలహాలు కాన్పు తరువాతి విషాదవ్యాధికి దోహదము చేసినంతగా ఈ ఉన్మాదానికి చేసినట్లు పరిశోధనలలో కనిపించలేదు. అత్తగారిని నిందించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మరొక చిక్కున్నది. సూతికా జ్వరము, గుర్రపువాతము, మెదడు సిరలలో రక్తము గడ్డకట్టడము కూడ ఇట్లే మతి తప్పిస్తాయి. ప్రసవించిన స్త్రీ రక్తానికి గడ్డకట్టే స్వభావము సహజంగానే ఎక్కువ. బాలింతకు దాహమియ్యడానికి వెనుకాడే మన ఆచారము, అందునా నంద్యాల ఎండలలో, ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. తలనొప్పి, మూర్ఛ తోడైతే వైద్యుడు ముందు దీనినే అనుమానించాలి.

"సన్నిపాతం" అన్న పేరు ఇంకొక పని కూడ చేస్తున్నది: దాచిపెడుతున్నది. మన దేశంలో తొలి కాన్పు సాధారణంగా పుట్టింట జరుగుతుంది. పెండ్లికి ముందు అమ్మాయికి వచ్చిన జబ్బు పుట్టింటివారికి తెలుసు, అత్తవారికి తెలియదు. సంబంధము చెడుతుందని వైద్యునికి కూడ చెప్పరు. గర్భిణి పరీక్షలో రక్తహీనత చూచినట్లు ఈ చరిత్రను కూడ, ఏకాంతంగా, అడిగి ఉంటే ముందే జాగ్రత్తపడవచ్చును. వెంటనే చికిత్స జరిగితే చాలామంది కోలుకొంటారు. తల్లిని బిడ్డ నుండి విడదీయక ఇద్దరినీ ఒకేచోట ఉంచి చికిత్స చేసే విభాగము బెంగుళూరు నిమ్హాన్సులో 2009లో ఏర్పడినది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. అక్కడి విద్యార్థులు మార్సేను చదవకపోయినా ఫరవాలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగడము నేర్చుకొంటే చాలును.