ముగ్గును, నిలువుగీతయు

గడచిన శ్రావణమున అరువదియెనిమిదేండ్ల విశ్రాంత ఉపాధ్యాయిని యొకామె, నడుము ముందునకు వంగి, మేను ఎడమకు నొరిగి, వంటగట్టుపై మోచేతులానించినగాని పొయ్యిమీది పులుసు దించుకొనలేని స్థితిలో, కుమారుని తోడుగొని నా గదికి వచ్చెను. 1948లో అమెరికా వైద్యుడు జాన్ కాబ్ వివరించిన పద్ధతిని ఎక్స్-రేపై గీతలు గీచి కొలువగా ప్రక్కవంపు 46 డిగ్రీలు తేలెను. అయితే ఈ వయసున మనిషిని క్రుంగదీయునది తఱచు ఆ వంపు కాదు. మెడపూసలలో చివరిదాని నుండి దింపిన నిలువుగీత త్రికాస్థికి ఐదు సెంటీమీటర్లకు మించి ముందు పడుటయే కీడు. ఆమెకు పదకొండు.

1962లో పాల్ హారింగ్టన్ ప్రకటించిన ఉక్కుకడ్డీతో వెన్నును చాచి నిటారు చేయుటయే పరమార్థమని నమ్మిన కాలమొకటి గలదు. ఆ చాపుటలో నడుమునకు సహజమైన లోవంపు చదునైపోగా, నాడు నిటారైన వారిలో కొందరు ఏండ్లు గడచిన పిదప ముందునకు వ్రాలి మరల వైద్యుల కడకు వచ్చిరి. నేడు ఆ లోవంపును నిలుపుటకే, వీపు నడుమ నుండి కటి దాక స్క్రూలు బిగించి, పూసలన్నింటిని ఒక్క యెముకగా అతికింతుము.

కుమారుడు శాతములడిగెను, చెప్పితిని. 2016లో వెలువడిన బహుదేశీయ పరిశీలనలో, ఇట్టి క్లిష్టచికిత్స పొందినవారిలో 22 శాతమునకు ఆసుపత్రి విడుచునాటికి కాళ్లబలము మునుపటికన్న తగ్గెను. పలువురికి క్రమముగ తిరిగి వచ్చెను. ఆమె మాత్రము శాతముల జోలికి పోలేదు.

"కింద కూర్చుని ముగ్గేసుకోగలనా బాబూ?"

పాశ్చాత్యుల ప్రశ్నపత్రములు మేజోళ్లు తొడుగుకొనగలరా యని అడుగును. మా రోగులు నేలను గూర్చి అడుగుదురు. వంగిన నడుము ముగ్గునకు అడ్డు రాలేదు, పొయ్యికడ నిలుచుటకే అడ్డువచ్చినది. నేనిచ్చు నడుము పొయ్యికడ నిలుచును, ముగ్గునకు వంగదు. ఈ మాట దాచి సంతకము పుచ్చుకొను వారిపై నాకు గౌరవము లేదు.

"నిలబడతారమ్మా, వంగలేరు" అంటిని.

ఎముకల సాంద్రతయు తక్కువయే. అట్టి యెముకలో స్క్రూలు వదులగుట, పైపూస కుంగుట సులభము గనుక, ఆరు నెలలు దినమున కొక సూదిమందు వాడి, పిదప నిర్ణయింతమంటిని. ఆమె వ్రేళ్లపై మాసములు లెక్కించెను.

"అయితే ఈ సంక్రాంతి ముగ్గులు నావే" యని, నా బల్లపై మోచేతులానించి లేచెను.