నల్లవాళ్ళ క్లబ్బులో ఒకే ఒక్క నల్లవాడు

టీవీ నటుడు నిర్మాత అయ్యాడంటే మనవాళ్ళు దాన్ని ఎదుగుదల కింద జమ కట్టేస్తారు. నిన్నటిదాకా ఇంకొకడు రాసిచ్చిన మాట పలికినవాడు ఇవాళ మాట రాయించే కుర్చీలో కూర్చున్నాడు, ఇంకేం కావాలి అంటారు. అణగారిన జాతి మనిషి విషయంలో ఈ లెక్క సరిపోతుందా? ఆ కుర్చీ అతనికి ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేదు అని అడగాలి. అడగటానికి అమెరికా నల్లజాతి నటుడు టిమ్ రీడ్ కంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ పుట్టినప్పటి నుంచీ నల్లజాతి పోరాటం మనకు దగ్గరి చుట్టమే. వాళ్ళ కవిత్వం చదివాం, ఆత్మకథలు చదివాం. వాళ్ళ టీవీని మాత్రం పట్టించుకోలేదు. టీవీ అంటే కాలక్షేపం, సాహిత్యం అంటే గంభీరం అనే అగ్రవర్ణ అభిరుచి మనకీ కాస్త అంటుకుందేమో.

రీడ్ 1944లో వర్జీనియా రాష్ట్రం నార్‌ఫోక్‌లో పుట్టాడు. బడులు, బస్సులు, నీళ్ళ కుళాయిలు అన్నీ తెల్లవాళ్ళకి వేరు, నల్లవాళ్ళకి వేరుగా ఉన్న కాలం అది. నల్లవాళ్ళ కోసం పెట్టిన కాలేజీలోనే డిగ్రీ చేసి, చికాగో వైపు డ్యూపాంట్ కంపెనీలో ఉద్యోగానికెళ్ళాడు. అక్కడ టామ్ డ్రీసెన్ అనే తెల్లవాడితో స్నేహం కలిసింది. ఇద్దరూ కలిసి నల్ల-తెల్ల హాస్య జంటగా క్లబ్బులు తిరిగారు. డబ్బు రాలేదు, జంట విడిపోయింది. 1978లో సీబీఎస్ చానల్లో 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి' సీరియల్ మొదలైంది. అందులో రీడ్ రాత్రిపూట పాటలేసే రేడియో జాకీ. పాత్ర పేరు వీనస్ ఫ్లైట్రాప్, అంటే ఈగల్ని పట్టి మింగే మొక్క. పేరులోనే వెటకారం ఉంది. కథ సాగేకొద్దీ ఆ పేరు వెనక గార్డన్ సిమ్స్ అనే మనిషున్నాడని, వియత్నాం యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన సైనికుడని, బడిలో పాఠాలు చెప్పినవాడని తెలుస్తుంది. ఒక కథలో చదువు మానేస్తానన్న కుర్రాడికి వీధి ముఠాల లెక్కలో పరమాణువు నిర్మాణం చెప్తాడు. ఆ సీను చూసినవాళ్ళు మర్చిపోరు. రీడ్ ఆ సీరియల్‌కి కొన్ని కథలు కూడా రాశాడు. అయినా నిర్ణయాలన్నీ ఇంకొకరివే. ముఖ్య నటుల జట్టులో అతను ఒకే ఒక్క నల్ల నటుడు, ప్రతివారం నల్లతనం మొత్తం మోయాల్సిన బరువు అతని భుజాల మీదే.

1987 సెప్టెంబరులో 'ఫ్రాంక్స్ ప్లేస్' వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే ఇక్కడ దూరదర్శన్ రామాయణం ఆదివారం పొద్దున్నే వీధుల్ని ఖాళీ చేయిస్తోంది. శంబూకుడి కథ ఆ టీవీలో ఎవరు చెప్తారని మనం అడిగే లోపలే అక్కడ ఒక నల్లవాడు తన కథ తాను చెప్పుకోవటానికి అరగంట సంపాదించాడు. సీరియల్ సృష్టికర్త హ్యూ విల్సన్ తెల్లవాడే, పాత సీరియల్ సృష్టికర్త కూడా అతనే. రీడ్ కథానాయకుడు, సహ నిర్మాత. శామ్-ఆర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి నాటకకర్త రచయితల్లో ఉన్నాడు. బోస్టన్‌లో పాఠాలు చెప్పుకునే ఫ్రాంక్ పారిష్‌కి, ఎన్నడూ సరిగా ఎరగని తండ్రి చనిపోయి న్యూ ఆర్లియన్స్‌లో ఒక భోజనహోటలు మిగిల్చిపోతాడు. అమ్మేసి పోదామనుకుంటాడు. హోటల్లోని ముసలావిడ మిస్ మేరీ చేతబడి చేసి వెనక్కి రప్పిస్తుంది! అక్కణ్ణుంచి వంటవాళ్ళు, వడ్డించే ఆడవాళ్ళు, శవాలకు ముస్తాబు చేసే హానా గ్రిఫిన్ (ఈ పాత్ర వేసిన డాఫ్నీ మాక్స్‌వెల్ రీడ్ అతని భార్యే), పాస్టరు - వీళ్ళ మాటలే కథ. ప్రేక్షకుల్ని ఎప్పుడు నవ్వాలో చెప్పే రికార్డు చేసిన నవ్వులు ఇందులో లేవు. ఇది చిన్న సంగతి కాదు. నల్లవాళ్ళని చూసి ఎక్కడ నవ్వాలో తెల్ల నిర్మాతలు నిర్ణయించే అలవాటు దానితో తెగింది.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ముఖ్యంగా ఒక్క కథ కోసం. ఫ్రాంక్‌ని ఊళ్ళో ఒక గొప్ప క్లబ్బులో చేరమని పిలుస్తారు. పిలిచినవాళ్ళూ నల్లవాళ్ళే. తనకి మర్యాద దక్కిందని ఫ్రాంక్ పొంగిపోతాడు. హోటల్లో పనిచేసే మనిషి అసలు సంగతి చెప్తుంది: అది లేత రంగు క్రియోల్ కుటుంబాల క్లబ్బు. గోధుమరంగు కాగితం సంచి పక్కన పెట్టి చూసినప్పుడు, సంచి కంటే ముదురు రంగున్నవాడికి అందులో చోటుండదు. ఫ్రాంక్ ముదురు రంగువాడు. క్లబ్బు లోపలి తగాదాలో అతన్ని ఒక పావుగా దించారన్నమాట. చివరికి ఫ్రాంక్ అనే మాటల సారాంశం ఇది: బడిలో, ఉద్యోగంలో, వీధిలో ఎప్పుడూ తాను ఒకే ఒక్క నల్లవాడుగా బతికాడు, ఇప్పుడు నల్లవాళ్ళ క్లబ్బులో కూడా ఒకే ఒక్క నల్లవాడుగా ఉండటం తన వల్ల కాదు.

ఈ మాట వినగానే మనకి ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. అంబేద్కర్ కులాన్ని అంచెలంచెల అసమానత అన్నాడు. ప్రతి మెట్టు మీదివాడికీ కిందొక మెట్టు కనిపిస్తుంది. 1994లో మాదిగ దండోరా ఆ మెట్టు లెక్క అడిగింది. అప్పుడు మనలోనే ఎంతమంది 'ఇంటిగుట్టు వీధిలో పెట్టొద్దు' అన్నారు! 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పిచ్చాక కూడా ఆ మాట ఆగలేదు. రీడ్ ఆ గుట్టుని కోట్లమంది చూసే అరగంటలో పెట్టాడు. గమనించాల్సింది ఏంటంటే, ఆ తగువు తీర్చటానికి తెల్లవాడు ఎవడూ పెద్దమనిషిగా రాడు. అడిగేదీ, చెప్పేదీ, సిగ్గుపడేదీ వాళ్ళే. నిర్మాత కుర్చీ అతనికి ఇచ్చింది ఇదే. నటుడుగా ఎంత గొప్పగా చేసినా ఇది దక్కేది కాదు.

అలాగని మొత్తానికి చప్పట్లు కొట్టలేను. ఫ్రాంక్ ప్రొఫెసరు, ఆపైన యజమాని. హోటలు అతనికి వారసత్వంగా వచ్చింది. ఎంగిలి పళ్ళేలు ఎత్తేవాళ్ళ జ్ఞానం అంతా యజమానికి బుద్ధి రావటానికే పనికొస్తుంది. కాగితం సంచి సంగతి పనిమనిషికి పుట్టుకతో తెలుసు, ప్రొఫెసరుకి తెలీదు. అయినా కథ ప్రొఫెసరుదే అయింది. క్లబ్బు గుమ్మం దాకా కూడా ఎవరూ పిలవని ఆ మనిషి సాయంత్రం ఇంటికెళ్ళి ఏమనుకుందో కెమెరా చూడలేదు. మన కథల్లో కూడా ఉద్యోగం చేసే దళితుడి అవమానానికి దొరికినన్ని పేజీలు కూలికెళ్ళే దళిత స్త్రీకి దొరకవు.

1988లో ఈ సీరియల్‌కి రచనకి ఎమ్మీ వచ్చింది, అతిథి పాత్ర వేసిన బియా రిచర్డ్స్‌కి కూడా వచ్చింది. అదే ఏడాది సీబీఎస్ దాన్ని ఆపేసింది. 22 భాగాలు, అంతే. ఈ రోజు, ఆ రోజు అని వారాలు మార్చి మార్చి, చూసేవాళ్ళకే ఎప్పుడొస్తుందో తెలీకుండా చేసి, చూడట్లేదని ముగించారు. నిర్మాత అని పేరు వేసుకోవచ్చు, గంట మాత్రం చానల్‌ది. పొలం దున్నిన కౌలుదారుకి పట్టా లేనట్టే.

ఆ దెబ్బ రీడ్‌కి అర్థమైందనే అనుకుంటాను. ఆ తర్వాత 'సిస్టర్, సిస్టర్'లో తండ్రి వేషంతో ఏళ్ళ తరబడి జీతం తెచ్చుకుంటూ, ఇంకోపక్క సొంతగా సినిమా తీశాడు. క్లిఫ్టన్ టాల్‌బర్ట్ జ్ఞాపకాల పుస్తకం ఆధారంగా 1996లో విడుదలైన 'వన్స్ అపాన్ ఎ టైమ్ వెన్ వుయ్ వర్ కలర్డ్' అది. డబ్బులో భాగం పెట్టింది నల్లవాళ్ళ చానల్ బీఈటీ. అందులో తాత మనవడికి మొదట నేర్పే అక్షరాలు రెండే: తెల్లవాళ్ళ గుమ్మం మీద ఉండేది ఒకటి, నల్లవాళ్ళ గుమ్మం మీద ఉండేది ఒకటి. టీ కొట్టులో ఏ గ్లాసు తనదో ముందుగా నేర్చుకున్న పిల్లవాడికి ఈ అక్షరాభ్యాసం వివరించనవసరం లేదు. అయితే సినిమా మొత్తంగా ఆ వెలివాడని ముద్దు చేసుకుంటుంది. అందరూ ఒకరికొకరు అండగా ఉన్న రోజులని తల్చుకుంటుంది. నిజమే, అండగా ఉన్నారు. కానీ వాడలో ప్రేమ ఉందని రాయటం వేరు, వాడ మీద బెంగ పెట్టుకోవటం వేరు. రీడ్ ఆ గీత దగ్గర చాలాసార్లు తడబడ్డాడు.

1997లో భార్యాభర్తలు వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్‌లో న్యూ మిలీనియం స్టూడియోస్ కట్టారు. హాలీవుడ్‌కి ఖండం అవతలి ఒడ్డున, నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళో, నల్లవాళ్ళ సొంత స్టూడియో. వేషం నుంచి వాటా, వాటా నుంచి నేల. ఆ మెట్ల వరస అంబేద్కర్ చదివినవాడికి తెలిసిందే. 2018లో పా.రంజిత్ నీలం సంస్థ నుంచి 'పరియేరుం పెరుమాళ్' వచ్చినప్పుడు మన పక్క రాష్ట్రంలో అదే వరస కనపడింది. అయితే నేల ఉన్నంత మాత్రాన దాని మీద పంట ఎవరు కొంటారన్నది తేలదు. పంపిణీ, చానళ్ళు, అప్పులిచ్చే బ్యాంకులు పాతచేతుల్లోనే ఉన్నాయి. పెద్ద కంపెనీల సినిమాలకి అద్దెకిచ్చుకుంటూ నడిపి, 2015లో స్టూడియో అమ్మేశారు.

'ఫ్రాంక్స్ ప్లేస్' డీవీడీగా కూడా రాలేదు. అందులో వాడిన పాటల హక్కులు మళ్ళీ కొనాలంటే తలకు మించిన ఖర్చు. ప్రతివారం మొదట్లో వినిపించిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు న్యూ ఆర్లియన్స్ నల్లవాళ్ళదే, దాన్ని మళ్ళీ వినిపించటానికి కట్టాల్సిన డబ్బు మాత్రం ఇంకెవరికో వెళ్ళాలి. క్లబ్బు కథ చూడాలనుకునేవాళ్ళు ఇప్పటికీ ఎవరో ఆ రోజుల్లో ఇంట్లో టేపు మీద ఎక్కించుకున్న మసక కాపీలు వెతుక్కోవాల్సిందే.