బొగ్గుతో దిద్దిన ఓనమాలు

2018 నవంబరులో సోద్‌బీస్ సంస్థ ముంబైలో ఒక వేలంపాట నిర్వహించింది. పాటకు వచ్చిన వాటిలో నీలం దుస్తులు వేసుకున్న ఒక చిన్నపిల్ల బొమ్మ ఉంది. 1934లో అమృతా షేర్‌గిల్ బంధువుల అమ్మాయిని కూర్చోబెట్టి అమృత్‌సర్‌లో వేసిన పోర్ట్రెయిట్ అది. సుత్తి పడి, పైరుసుములు కలిశాక తేలిన ధర 18 కోట్ల 69 లక్షలు. ఇలాంటి పాట ముగిసిన మర్నాడు అందరి నోటా ఆ అంకే నలుగుతుంది. ఆ అంకె వెనక, ఆ పిల్ల ముఖం వెనక, ఏళ్ళ తరబడి బొగ్గుకడ్డీ పట్టుకుని చేసిన సాధన ఉంది. వేలం కేటలాగుల్లో చివరి పేజీల్లో, తక్కువ అంచనా ధరతో కనిపించే ఆ విద్యార్థి దశ గీతలే నాకు అమృత బొమ్మల్లో అన్నిటికన్నా ఎక్కువ చెబుతాయి.

అమృత 1913 జనవరి 30న బుడాపెస్ట్‌లో పుట్టింది. తండ్రి ఉమ్రావ్ సింగ్ సంస్కృతం, పారశీకం చదువుకున్న సిక్కు ప్రభువంశీయుడు. కెమెరా అంటే ఆయనకు ప్రాణం. తల్లి మరీ ఆంత్వానెత్ హంగేరీకి చెందిన గాయని. 1921లో కుటుంబం సిమ్లా చేరింది. చిన్నప్పుడు అమృత వేసిన బొమ్మల్లో ఎక్కువగా కథల్లోని, సినిమాల్లోని స్త్రీలు కనిపిస్తారు. పెద్ద కళ్ళు, వాలిన తలలు, ఏవో దుఃఖాలు. ఆ పిల్ల దారి మళ్ళించినవాడు మేనమామ ఎర్విన్ బాక్తాయ్. ఆయనా ఒకప్పుడు చిత్రకారుడే, తరవాత భారతీయ విద్యల పరిశోధకుడయ్యాడు. సిమ్లా వచ్చినప్పుడు మేనకోడలి బొమ్మలు చూసి, ఊహలోంచి వేయడం ఆపి ఎదుట ఉన్న మనిషిని చూసి గీయమన్నాడు. ఇంట్లో పనివాళ్ళనే మోడళ్ళుగా కూర్చోబెట్టుకోమన్నాడు. ఆ మాట తరవాతి బొమ్మల్లో తలకు బరువొచ్చింది, మెడకు ఎముక వచ్చింది.

1929లో, పదహారేళ్ళ వయసులో, ఆమెను పారిస్ తీసుకెళ్ళారు. మొదట గ్రాండ్ షోమియేర్ అకాడమీ, ఆ తరవాత ఎకోల్ దే బోజార్‌లో లూసియన్ సిమోన్ తరగతి. ఈ రెండు చోట్లా నేర్పే పద్ధతుల్ని కాస్త వివరంగా చెప్పాలి. అవి తెలియకపోతే ఆ కాలపు డ్రాయింగులు మనకు మసిబట్టిన కాయితాల్లానే కనిపిస్తాయి.

విద్యార్థికి మొదట ఇచ్చేది బొగ్గు. ద్రాక్షతీగ పుల్లల్నో విల్లో పుల్లల్నో గాలి తగలకుండా కాల్చి చేసిన కడ్డీలు. బొగ్గు కాయితంలోకి ఇంకదు, గరుకుమీద పట్టుకుని ఉంటుందంతే. గుడ్డతో తట్టినా, రొట్టె మెత్తటి భాగాన్ని ముద్ద చేసి అద్దినా లేచిపోతుంది. అంటే తప్పు చేయడానికి భయపడక్కర్లేదు. గీసి, చెరిపి, మళ్ళీ గీయవచ్చు. బొమ్మ పూర్తయ్యాక సారాలో కరిగించిన లక్కను సన్నటి గొట్టంతో ఊది ఆ పొడిని నిలబెడతారు. మన శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులు కూడా బట్టమీద తొలిగీత గీసేది చింతపుల్ల బొగ్గుతోనే. తేడా ఎక్కడంటే, కలంకారీ కళాకారుడి చేతిలో రాముడి రూపం తరతరాలుగా స్థిరపడి ఉంటుంది. పారిస్ విద్యార్థి ఎదుట ఉన్నది పేరు తెలియని మోడల్. ఆమెను ఆ పూటే, కంటితోనే పట్టుకోవాలి.

పట్టుకోవడానికి ముందు కొలవాలి. చెయ్యి బారుగా చాపి, ఒక కన్ను మూసి, కడ్డీమీద బొటనవేలితో తల పొడవు గుర్తు పెట్టుకుంటారు. నిలబడ్డ మనిషి ఎత్తు దాదాపు ఏడున్నర తలలు. తాపీమేస్త్రీ గోడకు పట్టే తూకపు గుండులాంటిదే ఇక్కడా ఒకటుంటుంది. మోడల్ ఒంటికాలిమీద బరువు మోపి నిలబడితే, కంఠం కింది గుంట నుంచి దారం వదిలితే అది ఆ కాలి లోపలి చీలమండ దగ్గరికి దిగాలి. దిగకపోతే బొమ్మలోని మనిషి పడిపోతున్నట్టు ఉంటుంది. ఆ తరవాతే వెలుగునీడలు. కళ్ళు సగం మూసి చూస్తే కనుబొమలు, రెప్పలు, గోళ్ళు మాయమై రెండే మిగులుతాయి: వెలుగు పడిన భాగం, నీడ పడిన భాగం. ముందు ఆ రెండింటి సరిహద్దు సరిగ్గా పడాలి. నీడలోపల కూడా పక్కనున్న గోడమీంచి తిరిగొచ్చే వెలుగు ఒకటి ఉంటుంది, సన్నగా. దాన్ని చూడగలిగినవాడే గుండ్రదనాన్ని చూపించగలడు.

బోజార్‌లో ఒకే భంగిమ వారం పాటు సాగేది. గ్రాండ్ షోమియేర్‌కు పేరు తెచ్చింది దీనికి పూర్తిగా ఎదురుపద్ధతి: అయిదు నిమిషాల భంగిమలు. మోడల్ కదిలేలోపు ఒంటి వాలు, బరువు ఎటు ఉందో, భుజం ఎటు వంగిందో నాలుగు గీతల్లో దించాలి. నెమ్మది చదువు కంటికి నిజాయితీ నేర్పితే, తొందర చదువు చేతికి ధైర్యం ఇస్తుంది. అమృతకు రెండూ దొరికాయి. ఆ నాటి బొగ్గు నగ్నచిత్రాల్లో వీపుమీద వెన్నెముక పక్కన వేలితో రుద్దిన నీడను, తుంటి దగ్గర ఒత్తి లాగిన నల్లటి గీతను పక్కపక్కనే పెట్టి చూడండి. రుద్దిన చోట ఆలోచన ఉంది, ఒత్తిన చోట నిర్ణయం ఉంది. 1932లో చెల్లెలు ఇందిరనూ స్నేహితురాలు దెనీజ్‌నూ ఎదురెదురుగా కూర్చోబెట్టి వేసిన ‘యంగ్ గర్ల్స్’ మరుసటి ఏడాది పారిస్ గ్రాండ్ సలోన్ ప్రదర్శనలో బంగారు పతకం తెచ్చింది. ఆ నూనెరంగుల కింద ఉన్నది ఈ బొగ్గు చదువే.

ఆమె తోటి విద్యార్థి ఒకరి సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. బోరిస్ తస్లిత్స్కీ. అమృత ఆయన పోర్ట్రెయిట్లు వేసింది. 1932 నాటి యాపిల్ పళ్ళు పట్టుకున్న యువకుడు ఆయనే. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఆయన్ను బూహెన్‌వాల్ట్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడ దొంగచాటుగా, దొరికిన కాయితం ముక్కలమీద తోటి ఖైదీల బొమ్మలు గీశాడు. వాటిలో 111 చిత్రాలు 1946లో పుస్తకంగా వచ్చాయి. తరగతి గదిలో నేర్చిన అయిదు నిమిషాల గీత ఆ నరకానికి సాక్ష్యమైంది. డ్రాయింగ్ చదువు విలువ ఎంత అని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ పుస్తకాన్నే.

ఇక వేలం మాట. అమృత 1941 డిసెంబరు 5న లాహోర్‌లో, ఇరవై ఎనిమిదేళ్ళకే చనిపోయింది. ఆమె చిత్రాల్లో పెద్ద భాగం ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కు చేరింది. 1954లో జైపూర్ హౌస్‌లో తెరిచిన ఆ గ్యాలరీ మూల సేకరణలోనే ఆమె బొమ్మలు ఉన్నాయి. పైగా పురావస్తువులు, కళానిధులపై 1972లో వచ్చిన చట్టం కింద ఆమె కృతులు జాతీయ కళానిధులు. రవివర్మ, అవనీంద్రనాథ్, నందలాల్ బోస్, జామినీ రాయ్ వంటి కొద్దిమందికే ఈ హోదా ఉంది. దేశంలో ఉన్న అమృత బొమ్మను ఇక్కడ అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, సరిహద్దు మాత్రం దాటించకూడదు. పారిస్‌లోనో బుడాపెస్ట్‌లోనో స్నేహితులకూ బంధువులకూ చేరిన తొలి పోర్ట్రెయిట్లు ఈ చట్టం పరిధిలోకి రావు. అందుకే విదేశీ వేలాల్లో అడపాదడపా కనబడేవి ఆ తొలిదశవే. దెనీజ్ పోర్ట్రెయిట్ ఒకటి 2021లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలానికి వచ్చింది.

2023లో అమృత ‘స్టోరీ టెల్లర్’ వేలంలో 61 కోట్ల 80 లక్షలకు పోయింది. అది 1937 నాటి నూనెరంగుల చిత్రం. కాయితంమీది బొగ్గు చిత్రం దాని ధర దరిదాపుల్లోకి కూడా రాదు. కాయితం నాజూకైనది. తేమకు గోధుమరంగు మచ్చలు పడతాయి, పులుపు ఉన్న అట్ట బిగిస్తే అంచులు మాడినట్టవుతాయి, ఎండలో పెడితే రంగు మారుతుంది. మ్యూజియాలు కాయితం చిత్రాలకు 50 లక్స్ దాటని మసక వెలుతురే ఇస్తాయి. ధర తక్కువ కావడానికి ఈ నాజూకుతనం ఒక కారణం. సంతకం, తేదీ లేని అభ్యాసపు గీతలమీద ఉండే అనుమానం ఇంకొకటి. కొనేవాళ్ళు ముందు చూడాల్సింది ఆ కాయితం ఎవరి ఇంట్లోంచి ఎవరి చేతికి వచ్చిందన్నదే. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా, గీత ఎంత బాగున్నా నేనైతే నమ్మను.

మన నేలకు ఈ కథలో ఒక చేదు పుట ఉంది. 1936 చివర్లో అమృత అజంతా చూసింది. అప్పటికి అజంతా నిజాం రాజ్యంలోదే. అక్కణ్ణుంచి హైదరాబాద్ వచ్చి, చిత్రకారుడు బరదా ఉకిల్‌తో కలిసి ప్రదర్శన పెట్టింది. నవాబ్ సాలార్‌జంగ్ ఆమె చిత్రాలు తెప్పించుకుని, చివరికి తిప్పి పంపేశారు. ఊరూరా తిరిగి వేల వస్తువులు కూడబెట్టిన మనిషి చేతిలోంచి అవి జారిపోయాయి.

ఆమెకంటే ఒక తరం ముందు రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు ఇదే పాశ్చాత్య డ్రాయింగ్ చదువు చదివాడు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతివాటం గుర్తించి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివిన రామారావు 1925లో, ముప్ఫై నిండకుండానే పోయాడు. ఆయన స్కెచ్‌లు వేలానికి పోలేదు. భార్య సత్యవాణి, మిత్రుడు వరదా వెంకటరత్నం పట్టుబట్టి కాపాడబట్టి అవి రాజమండ్రి గ్యాలరీలో మిగిలాయి.

వేలానికి ముందు కొన్ని రోజులు బొమ్మల్ని ప్రదర్శనకు పెడతారు. కొనని వాళ్ళు కూడా వెళ్ళి చూడవచ్చు. పాట ముగిశాక ఆ కాయితం ఎవరి ఇంటి గోడమీదికో వెళ్ళి మళ్ళీ ఎన్నేళ్ళకు బయటపడుతుందో చెప్పలేం. ముంబై, ఢిల్లీల్లో ఉన్న తెలుగువాళ్ళు ఈసారి కేటలాగులో అమృత పేరు కనిపిస్తే ఒక గంట వీలు చేసుకోండి. రాజమండ్రి వెళ్ళేవాళ్ళు దామెర్ల గ్యాలరీలో నూనెరంగుల దగ్గరే ఆగిపోకండి, పెన్సిల్ స్కెచ్‌లు ఎక్కడున్నాయో అడిగి మరీ చూడండి.